పెద్దకోడలు ఎందుకు నెమ్మది

సోమవారం ఉదయం సూపరింటెండెంటు గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి, మనుషులు నలుగురు. నలుగురిలోనూ వయసుకు పెద్దవాడు, ఆసుపత్రిలో అందరూ బాబాయి అని పిలిచే మనిషి. ఆయనే నిలబడ్డాడు. ఎవరూ నిలబెట్టలేదు, అలాగని లేచి ఎవరూ తమ కుర్చీ ఇవ్వనూ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఆసుపత్రి కంప్యూటర్లను సాకుతున్న మనిషి, తన సంగతి తేల్చే కాగితాన్ని ఇంకొకరి భుజం మీదుగా చదువుకోవలసి వచ్చింది. తాను కూర్చుని ఉన్నానన్న సంగతి ఎందుకమ్మకు కాస్త ఆలస్యంగా తట్టింది. అప్పటికి లేస్తే మరీ ఎబ్బెట్టుగా ఉంటుందని అలాగే ఉండిపోయింది.

ఆ కాగితం రాసినవాడు బయటినుంచి వచ్చిన కన్సల్టెంటు. కుర్రవాడే గాని చెడ్డవాడేం కాదు, కొలిచింది కొలిచినట్టు రాశాడు. రెండు మెషీన్లు తీసుకున్నాడు. ఒకే కంపెనీవి, ఒకే మెమొరీ, చెరి నాలుగు ప్రాసెసర్లు. రెండిటి మీదా పేషెంట్ల వివరాలుండే అదే డేటాబేసు. తేడా అల్లా ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే. ఒకదాని మీద బాబాయి ఏళ్ళ తరబడి నడుపుతున్న పాతది, రెండోదాని మీద అందరూ ఇప్పుడు వాడుతున్న కొత్తది. రెండూ యూనిక్స్ అనే పాత సిస్టమ్ వంశానివే, ఒకే ఇంట్లో మెట్టినవి. అందుకే ఆఫీసులో వాటికి పెద్దకోడలు, చిన్నకోడలు అని పేర్లు పడిపోయాయి.

ఎనిమిది కౌంటర్ల నుంచి ఒకేసారి పేర్లు వెతికితే పెద్దకోడలు సెకనుకు తొంభై నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పింది. చిన్నకోడలు నాలుగు వందల పదింటికి చెప్పింది. ఆ అంకెల కింద కన్సల్టెంటు 'నిర్వహణ లోపం' అని రెండు మాటలు రాశాడు. సూపరింటెండెంటు అంకెలను వదిలేసి ఆ రెండు మాటల్నే పట్టుకున్నాడు. మెషీను మారుతుంది, దాన్ని చూసేవాడూ మారతాడు అన్నాడు. బాబాయికి రిటైర్‌మెంటు ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ నేలమాళిగలో, పాత కాగితం ఫైళ్ళ గదిలో గడపాలి. వచ్చే సోమవారం నుంచి.

బాబాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అంతే.

"నాలుగింతలు ఎందుకు?" అంది ఎందుకమ్మ.

అది ఎవరినో కాపాడాలని అడిగిన ప్రశ్న కాదు. ఆమెకు ప్రశ్నలు తుమ్ముల్లా వస్తాయి. చిన్నప్పుడు పడుకోవే అంటే ఎందుకు, లేవవే అంటే ఎందుకు అని ప్రాణం తీస్తుంటే తల్లి పెట్టిన పేరది. అక్క ఇదే ఆసుపత్రిలో మూడో కౌంటర్లో గుమాస్తా కావడంతో ఆ పేరు ఇంటి నుంచి ఆఫీసు దాకా నడిచొచ్చింది. ఉద్యోగం డేటాబేసు చూసుకోవడం. మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉంది. ఈ నెలాఖరుకు పర్మినెంటు కాగితం రావలసి ఉంది.

కొత్తది కదా, వేగంగానే ఉంటుంది అన్నాడు సూపరింటెండెంటు. పది శాతమో ఇరవయ్యో అయితే ఒప్పుకుంటాను, ఒకే రకం మెషీన్లు, అదే డేటాబేసు, నాలుగింతలు తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది అంది ఆమె. కన్సల్టెంటు ముందుకు వంగి కూర్చున్నాడు. అదే తనకూ తెలియలేదనీ, అంత తీరిక ఇవ్వలేదనీ నిజాయితీగా చెప్పాడు. సూపరింటెండెంటు గోడ గడియారం కేసి చూసి, శుక్రవారం లోగా కారణం చూపిస్తే చూద్దాం, లేకపోతే ఆర్డరు మీద సంతకం పెడతానన్నాడు.

మంగళవారం ఆమె స్వెట్టరు వేసుకుని మెషీను గదిలో దూరింది. వీపు వెనక ఏసీ గాలి, చెవుల్లో ఫ్యాన్ల హోరు. కన్సల్టెంటు వదిలేసి వెళ్ళిన రెండు పరీక్ష మెషీన్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. గుమాస్తాల్లా నటించే చిన్న ప్రోగ్రామొకటి రాసుకుంది. ఒకరంటే ఒకరు, ఎనిమిది మందంటే ఎనిమిది మంది ఉత్తుత్తి గుమాస్తాలు పుట్టుకొచ్చి, ఊపిరాడకుండా పేర్లు అడుగుతారు.

ఒక్క గుమాస్తాతో మొదలుపెట్టింది. పెద్దకోడలు నూట ఎనిమిది, చిన్నకోడలు నూట పన్నెండు. ఆమె కనుబొమలు లేచాయి. ఒక్కరే అడిగితే ఇద్దరూ సమానమే. ఇద్దరు గుమాస్తాలను పంపింది. చిన్నకోడలు రెండు వందల అయిదుకు ఎగిరింది. పెద్దకోడలు నూట ఏడు దగ్గరే ఉంది. నలుగురు. ఎనిమిది మంది. గ్రాఫు కాగితం మీద ఒక గీత మేడమెట్లు ఎక్కుతుంటే, రెండోది నేలకు కరుచుకుని పాకుతూ, చివర్న ఇంకాస్త కుంగింది.

ఈ కాగితం పట్టుకుని ఆమె బాబాయి దగ్గరికి పరిగెత్తింది. ఆయన సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు. ఎందుకులేమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు గాని చూపు గీత మీద పడింది. పడ్డాక తిప్పుకోలేకపోయాడు. ఒక్కరు అడిగితే సమానమా అన్నాడు. సమానమే అంది. సొరుగు సగంలో వదిలేసి స్క్రూడ్రైవరు తీసుకుని ఆమె వెంట వచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ అనుమానితులను ఒక్కొక్కరినే పిలిచి విచారించారు. ముందు డిస్కు. బాబాయి రెండు మెషీన్ల డిస్కులూ విప్పి అటుదిటు, ఇటుదటు మార్చాడు. విప్పిన మరలు నేల మీద పెట్టకుండా సీసా మూతలో వేసుకున్నాడు. అంకెలు మారలేదు. మెమొరీ మార్చారు. నెట్‌వర్కు తీగ మార్చారు. డేటాబేసు మాటిమాటికీ సిస్టమ్‌ను టైమెంతయిందని అడుగుతుందనీ, ఆ జవాబు చెప్పడానికి పెద్దకోడలు కాస్త ఎక్కువ సేపు తీసుకుంటుందనీ ఆమె కనిపెట్టింది. దాన్ని తగ్గిస్తే సెకనుకు రెండో మూడో జవాబులు పెరిగాయి, అది ఏనుగు నోట్లో వేరుశనగ గింజ. ఓపిక పట్టలేక ఆమె ఒకేసారి రెండు సెట్టింగులు మార్చబోతే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రెండూ కలిపి మార్చావంటే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదు."

సాయంత్రానికి పన్నెండు అనుమానాలు కొట్టేశారు. జవాబు దొరకలేదు. అయినా ఇంటికి వెళుతుంటే ఆమెకు దిగులు పుట్టలేదు, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. బాబాయి సంగతి గుర్తొచ్చి, ఇంత సరదాగా ఉన్నందుకు తనను తానే తిట్టుకుంది.

రాత్రి బట్టలు మడత పెడుతూ అక్కకు ఇదంతా ఏకరువు పెట్టింది. ఒక్కో కౌంటరు అడిగే పనిని డేటాబేసు ఒక్కో థ్రెడ్‌గా, అంటే ఒక్కో పోగుగా పట్టుకుంటుందనీ, ఎనిమిది కౌంటర్లకు ఎనిమిది పోగులనీ, ఆ పోగుల్లోనే ఎక్కడో చిక్కు పడి ఉంటుందనీ చెప్పింది.

"దారాలూ పోగులూ అంటావు, అదేమన్నా కుట్టుపనా ఏంటే?" అంది అక్క. "నాకవన్నీ తెలీవు గానీ, ఒకటి మాత్రం రోజూ చూస్తా. అయిదో కౌంటర్లో ఎవరన్నా పాత పేషెంటు వచ్చి, అక్కడ కూర్చున్నది పాత పేరు కొట్టిందనుకో, మా ఎనిమిది మందికీ ఒకేసారి ఆగిపోద్ది. అడిగింది అదొక్కతే. మేమెందుకు ఆగాలి?"

ఎందుకమ్మ చేతిలోని తువ్వాలు మడత సగంలో ఉండిపోయింది.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఆమె మెషీను గదికి పోకుండా కౌంటర్ల వెనక స్తంభానికి ఆనుకుని నిలబడింది. అవతల వరస తలుపు దాటి వరండాలోకి పాకింది. చీటీలు పట్టుకున్న చేతులు, ఏడుస్తున్న పసివాణ్ణి ఊపుతున్న తండ్రి, ముక్కుమీద గుడ్డ పెట్టుకున్న ముసలావిడ. ఎనిమిది మంది గుమాస్తాల వేళ్ళు మీటల మీద ఆడుతున్నాయి. అయిదో కౌంటర్ దగ్గరికి కర్ర పోటేసుకుంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎప్పుడో పదేళ్ళ కిందట ఇక్కడే కాలికి ఆపరేషను చేయించుకున్నానన్నాడు. అయిదో ఆవిడ పేరు కొట్టింది.

ఎనిమిది జతల చేతులూ ఒక్కసారే మీటల మీంచి లేచాయి. రెండో ఆవిడ మెడ తిప్పుకుంది. అక్క సీసా మూత తీసి నీళ్ళు తాగింది. ఏడో ఆవిడ జడ ముందుకు వేసుకుని చివర చూసుకుంది. ఎవరూ ఒకరినొకరు చూసుకోలేదు. రోజూ ఇంతే కాబోలు, అలవాటుపడిపోయారు. పదకొండు సెకన్లయ్యాక చేతులన్నీ మళ్ళీ కిందికి వాలాయి.

ఆమె మెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్ళి పరీక్ష మెషీను ముందు కూర్చుంది. ఎనిమిది మంది ఉత్తుత్తి గుమాస్తాలను పంపి, ఈసారి అంకెలు కాకుండా ప్రాసెసర్లను చూసింది. ఒకటి నిండుగా పనిచేస్తోంది, మిగతా మూడూ సున్నా. ఉన్న నలుగురు పనివాళ్ళలో ముగ్గురు పొద్దస్తమానం గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

అప్పుడు అర్థమైంది. పోగులు ఎనిమిదన్న మాట పైపైనే. సిస్టమ్‌కు కనిపించేది ఒక్కరే. ఏకపాత్రాభినయం చేసేవాడిలా ఆ ఒక్కడే ఎనిమిది వేషాలూ మార్చి మార్చి వేస్తున్నాడు. కొత్త పేషెంట్ల వివరాలు మెమొరీలో దగ్గరగా ఉంటాయి గనుక వేషం చకచకా మారిపోతుంది, చూసేవాళ్ళకు ఎనిమిది మంది ఉన్నట్టే ఉంటుంది. పాత పేషెంటు కోసం డిస్కు దాకా వెళ్ళాడంటే రంగస్థలం ఖాళీ. ఎనిమిది కౌంటర్లూ తెరవంక చూస్తూ కూర్చోవాలి.

ఇది పెద్దకోడలి తప్పు కాదని మాన్యుయల్ తిరగేస్తే గంటలో తేలింది. ఒక్కో పోగునూ విడి మనిషిగా చూసే లైబ్రరీ, అంటే తయారుగా ఉన్న ప్రోగ్రాముల కట్ట, పెద్దకోడలి దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఉంది. డేటాబేసును మెషీను మీద కట్టేటప్పుడు, అంటే ఆ మెషీనుకు తగ్గట్టు తయారుచేసి ఎక్కించేటప్పుడు, ఆ లైబ్రరీ కావాలా అని ఒక ప్రశ్న వస్తుంది. అవును అని కొట్టాలి. ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే కాదనుకుని పాతదానితోనే కట్టేస్తుంది. కన్సల్టెంటు కూడా ఆసుపత్రి మెషీన్లో కట్టి ఉన్నదాన్నే ఉన్నట్టుగా తెచ్చుకున్నాడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందని ఎందుకమ్మ పకపకా నవ్వింది. ఏ బుద్ధి తక్కువవాడు ఆ ప్రశ్నకు ఎంటర్ నొక్కాడో చూడాలనుకుంటూ తలుపు పక్కన మేకుకు వేలాడే పుస్తకం అందుకుంది.

ఆ పుస్తకం బాబాయి పెట్టిన నియమం. మెషీను మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళూ అందులో రాయాలి. తేదీ, చేసిన పని, ఎందుకు, ఎవరి చెయ్యి. నాలుగు గళ్ళు. ఆమె డేటాబేసు ఫైలు మీదున్న తేదీ చూసుకుని పేజీలు వెనక్కి తిప్పింది. మూడేళ్ళ కిందటి పేజీ దొరికింది.

'డేటాబేసు కొత్త వెర్షను కట్టి ఎక్కించాను' అని ఉంది. ఎందుకు అన్న గడిలో 'మామూలే' అని ఉంది. ఆఖరి గడిలో చెయ్యి ఆమెదే. తోక తిప్పి రాసే ఆ 'ఎ' అక్షరం ఆ ఆసుపత్రిలో ఇంకెవరికీ లేదు.

అప్పుడామె చేరి రెండు వారాలయింది. ఒకదాని వెంట ఒకటి పదకొండు ప్రశ్నలొచ్చాయి. చక్కగా, వేగంగా ముగించానని అనిపించుకోవాలని పదకొండింటికీ ఎంటర్ నొక్కింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎందుకని అడగని రోజు అదొక్కటే అయి ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో బాబాయి పొడి సంతకం, చూశాను అన్నట్టు. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందంటారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. పుస్తకం మళ్ళీ మేకుకు తగిలించింది.

ఆ రాత్రి అక్కతో ఏమీ చెప్పలేదు. దారి ఒకటుంది, అది చాలా సులువైంది. కారణం దొరికింది, సరిచేశాను, ఏదో సెట్టింగు అని చెప్పేస్తే సరి. ఎవరి సెట్టింగని సూపరింటెండెంటు అడగడు, ఆయనకు పుస్తకం సంగతే తెలియదు. కానీ మూడేళ్ళపాటు తప్పు సెట్టింగు పెట్టుకుని కూర్చున్నది ఎవరయ్యా అంటే, మెషీన్లు ఎవరివో వాళ్ళే. నిర్వహణ లోపమన్న మాట బాబాయికి మరింత గట్టిగా అతుక్కుంటుంది. మెషీను నిర్దోషి అని తేల్చి మనిషిని దోషిని చేసినట్టవుతుంది. అటు తిప్పీ ఇటు తిప్పీ ఆలోచించి, తెల్లవారుజామున భయంతోనే లేచి కూర్చుంది.

గురువారం బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష మెషీను మీద డేటాబేసును మళ్ళీ కట్టింది. లైబ్రరీ ప్రశ్న రాగానే అవును అని కొట్టింది. నలభై నిమిషాలు తెర మీద అక్షరాలు పరుగులు పెట్టాయి. తయారయ్యాక ఎనిమిది మంది గుమాస్తాలను పంపింది. మూడు వందల డెబ్బై రెండు. నాలుగు ప్రాసెసర్లూ నిండుగా ఉన్నాయి. ఆ అంకె చూడగానే ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

బాబాయి వేలితో గళ్ళ వెంట చదివాడు. తన పొడి సంతకం దగ్గర వేలు ఆగింది.

"నేనూ చదవలా. సెలవునించి వచ్చి, వారం పేజీలన్నిటికీ కలిపి సంతకాలు గీకేశా," అన్నాడు. పుస్తకం మూసి, "రేపటి రిపోర్టులో నా పేరే రాయి. నాకున్నవి రెండేళ్ళు. కింద కూర్చున్నా గడిచిపోతాయి. నీకింకా పాతికేళ్ళు సర్వీసుంది. కాగితం ఈ నెలాఖరుకే కదా," అన్నాడు.

"అలా రాస్తే అది కొలత కాదు బాబాయ్, కథ అవుతుంది."

ఆమెకు ఏడుపొచ్చింది, ఆయన మంచితనం మీద కోపం కూడా వచ్చింది. కింద కూర్చుంటే గడిచిపోతాయని అంత తేలిగ్గా అనగలిగినవాడు, ఇందాక ఆ అంకె చూసి అలా ఎందుకు నవ్వాడు?

శుక్రవారం అదే గదిలో ఆమె రెండు పేజీల కాగితం పైకి చదివింది. ఈసారి నిలబడే చదివింది. ఒక్కరు అడిగితే సమానం, ఎనిమిది మంది అడిగితే నాలుగింతలు తేడా, కారణం పోగుల లైబ్రరీ, సరిచేశాక మూడు వందల డెబ్బై రెండు. చిన్నకోడలు ఇప్పటికీ కాస్త ముందే ఉందన్న మాట కూడా దాచలేదు. చివరి వాక్యం దగ్గరా ఆగలేదు. మూడేళ్ళ కిందట ఆ ప్రశ్న చదవకుండా ఎంటర్ నొక్కిన చెయ్యి నాది అని చదివింది. నేను చూడకుండా సంతకం పెట్టాను అని పక్కనుంచి బాబాయి కలిపాడు.

కన్సల్టెంటు కాగితం తీసుకుని అంకెల మీద వేలు పెట్టుకుంటూ రెండుసార్లు చదివాడు. కొలిచింది తప్పు కాదు, పెట్టిన పేరు తప్పు అంటూ తన రిపోర్టులో 'నిర్వహణ లోపం' మీద తనే కలంతో అడ్డగీత కొట్టాడు. ఆ పాతదాన్నే సరిచేసి వాడుకుంటే ఇంకో అయిదేళ్ళు నడుస్తుందని కూడా చెప్పాడు.

సూపరింటెండెంటు అందరి మొహాలూ చూశాడు. ఇది మంచి వార్తో చెడ్డ వార్తో ఆయనకు తేలినట్టు లేదు. చివరికి బల్ల మీది ఆర్డరు దగ్గరికి లాక్కున్నాడు.

"ఫైళ్ళ గదికి మనిషిని ఇస్తున్నామని పైకి రాసేశానమ్మా. ఆర్డరు టైపయిపోయింది. పేరు మార్చడం ఎంతసేపు," అన్నాడు.

ఆ గదిలో ఆమెకు ఆరు నెలలన్నాడు. పర్మినెంటు కాగితం సంగతి ఆ తరవాత చూద్దామన్నాడు. బాబాయి రెండడుగులు ముందుకు వేశాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని, సరేనండీ అంది. బయటికి వచ్చాక వరండాలో గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఇంత నిజం చెప్పినందుకు ఎవరో ఒకరు వెన్ను తడతారని లోలోపల ఆశపడ్డట్టు అప్పుడు తెలిసింది, సిగ్గనిపించింది.

సోమవారం నుంచి నేలమాళిగ. పొడుగాటి గది, నడుం ఎత్తున కిటికీ బదులు గాలి గొట్టం, అరల నిండా దారాలతో కట్టిన ఫైళ్ళు. కంప్యూటరు లేదు, ఫోను లేదు. మొదటి గంటలో ఆమె నాలుగు ఫైళ్ళ దుమ్ము దులిపి, ఇంకా ఆరు నెలల్లో ఎన్ని గంటలుంటాయో లెక్కవేసి, వేసినందుకు బాధపడింది.

పదింటికి అక్క దిగి వచ్చింది. ఓదారుస్తుందనుకుంటే నడుం మీద చెయ్యి వేసుకుని నిలదీసింది. సరిచేసిన డేటాబేసును బాబాయి కౌంటర్ల మెషీనుకూ ఎక్కించాడట, పొద్దుటినుంచి తెర ఒక్కసారీ ఆగలేదట. అయిదో ఆవిడ పాత పేర్లు ఆరు కొట్టినా ఎవరికీ చేతులు లేవలేదట. వరస తొమ్మిదిన్నరకే తలుపు లోపలికి వచ్చేసిందట. "మంచినీళ్ళు తాగే తీరిక కూడా లేకుండా చేశావు కదే మహాతల్లీ," అంది. ఇద్దరూ ఫైళ్ళ మీద పడి నవ్వారు. వెళ్ళేముందు అక్క చెల్లెలి చెంప మీది దుమ్ము కొంగుతో తుడిచింది. అప్పుడు మాత్రం ఎందుకమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, మెట్ల రెయిలింగు పట్టుకుని బాబాయి దిగుతున్నాడు. ఆయనకు మోకాళ్ళు అరిగాయని అందరికీ తెలుసు. మెట్లు యాభై రెండు, లిఫ్టు ఇంత కిందికి రాదు. క్షమాపణ చెప్పడానికి వస్తున్నాడనుకుని ఆమె గాభరాగా లేచింది. చెప్పనివ్వకూడదనుకుంది.

ఆయన ఫైళ్ళ కట్ట మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా జేబులోంచి మడిచిన గ్రాఫు కాగితం తీశాడు.

"దానికి నాలుగు వందల పది. మనకి మూడు వందల డెబ్బై రెండు. మిగతా ముప్ఫై ఎనిమిదీ ఎటు పోతున్నాయి?"

ఆమె కాగితం వంక చూసింది. ఇక్కడ నా దగ్గర టెర్మినల్ లేదు కదా బాబాయ్ అంది.

"పైన నా దగ్గరుందిగా. ఏం మార్చాలో నువ్వు చెప్పు, నేను పోయి మార్చి, ఎంతొచ్చిందో చూసి చెప్తా."

అన్నిసార్లు ఎలా ఎక్కి దిగుతారని అడగబోయింది. ఆయన అప్పటికే పెన్సిలు చెవి మీంచి తీసి ఆమె చేతికిస్తున్నాడు. ఆమె మోకాళ్ళ మీద కాగితం పరుచుకుని, గీత ఎక్కడ వంగుతోందో ఒక నిమిషం చూసి, మొదటి మార్పు రాసిచ్చింది. బాబాయి దాన్ని ఆసాంతం చదివాడు. అర్థం కాని చోట ఆగి అడిగి, మళ్ళీ చదివి జేబులో పెట్టుకున్నాడు. ఒక చేత్తో మోకాలు, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.